ఎవరికీ తెలియని అ ఆ లు

సోమవారం పొద్దున్న ఇడ్లీలు తింటూ మణికుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం ఆఫీసులో అందరూ భోజనానికి లేచాక, ఫైళ్ళ బీరువా వెనక కూర్చుని, ఫోనులో తెలుగు అక్షరాలు నేర్చుకోవాలి. రోజుకు అయిదు చొప్పున యాభై ఆరు అక్షరాలూ పన్నెండు రోజుల్లో అయిపోతాయి. సభ పధ్నాలుగో రోజున.

నలభై రెండేళ్ళ మనిషి, పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ ఆఫీసులో యూడీసీ గుమాస్తా, వాళ్ళ వంశంలో డిగ్రీ ముఖం చూసిన మొదటివాడు, ఇప్పుడు అ ఆ లు దిద్దడమేమిటని ఎవరైనా అడగవచ్చు. ఎవరూ అడగకూడదనే అతని తాపత్రయమంతా.

తెలుగు చదవడం రాకపోవడం ఆ దీవుల్లో పుట్టినవాళ్ళకు పెద్ద తప్పేమీ కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు. మణికుమార్ చదివింది హిందీ మీడియం. "నాకు రాదు" అని ఒక్కసారి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పవలసిన రోజున అతనికి తొమ్మిదేళ్ళు. తండ్రి అప్పలకొండ జంగ్లీఘాట్ రేవులో డింగీ పడవ నడిపేవాడు, అక్షరం ముక్క రాదు. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊళ్ళో ఉన్న అన్నగారి దగ్గరనుంచి ఓడలో ఉత్తరం వచ్చింది. క్లాసులో ఫస్టు వచ్చిన కొడుకు చేతిలో దాన్ని పెట్టి, "సదవరా" అని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

ఆ మూసుకున్న కళ్ళను చూసి మణికుమార్‌కు రాదని చెప్పబుద్ధి కాలేదు. ఉంగరాలు ఉంగరాలుగా ఉన్న ఆ రాతమీద వేలు పెట్టి, "ఇక్కడ అందరం క్షేమం. మీరు క్షేమమని తలుస్తాం. వానలు బాగా పడ్డాయి. ఆవు ఈనింది" అని చదివాడు. అప్పలకొండ పొంగిపోయాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ అందరూ క్షేమంగానే ఉన్నారు. ఆ ఆవు మొత్తం మీద పధ్నాలుగుసార్లు ఈనింది. ఒక్కసారి మాత్రం, మణికుమార్‌కు పదకొండేళ్ళప్పుడు, తండ్రి ఉత్తరం విని, మడిచి జేబులో పెట్టుకుని రేవు వైపు వెళ్ళాడు. మర్నాడు గుండుతో కనిపించాడు. "ఎండలకి పేలు పట్టినాయి" అన్నాడు. పెదనాన్న పోయాడని ఆ తర్వాతెప్పుడో ఇంట్లో మాటల మధ్య విన్నాడు మణికుమార్. ఫోన్లు వచ్చి ఉత్తరాలు ఆగిపోయాక, ఇక గండం గడిచిందనుకున్నాడు.

గండం తెలుగు సంఘం ప్రెసిడెంటు తిరుమలరావు రూపంలో మళ్ళీ వచ్చింది. సిమెంటు వ్యాపారి, పెద్ద గొంతు మనిషి. నలభై ఏళ్ళపాటు మెయిన్‌లాండ్ నుంచి ఓడ దిగిన ప్రతి తెలుగు కుటుంబానికీ మొదటి రాత్రి తన ఇంట్లో చోటూ, ముద్ద అన్నమూ పెట్టినందుకు అప్పలకొండను సంఘం సన్మానిస్తుందట.

"పత్రం చంద్రమౌళి మేష్టారి చేత రాయించీసినాం. ఆయన కంటి ఆపరేషనుకి వైజాగ్ ఎల్లిపోనారు. ఫ్రేము కట్టించి, గుడ్డ కప్పి, స్టేజీ మీదే తీస్తాం. ముందు ఎవరికీ సూపించం. సదవాల్సింది కొడుకే!" అన్నాడు తిరుమలరావు.

"మా వోడే సదువుతాడు. సిన్నప్పటి నుంచీ వాడే కదా సదువుతాడు" అన్నాడు డెబ్బై నాలుగేళ్ళ అప్పలకొండ.

మణికుమార్ నవ్వాడు. ఆ నవ్వు రెండు రోజులు దవడల్లో నొప్పి పెట్టింది.

ఫోనులో పనిని ఎవరి కంటా పడకుండా చేసుకోవాలంటే ఇన్‌కాగ్నిటో అనేదొకటుందని అతనికి తెలుసు. నల్లటి తెర, టోపీ, కళ్ళజోడు బొమ్మ. అది తెరిచి, ఏం చూసినా తర్వాత ఆనవాలు మిగలదన్నమాట. సోమవారం దాన్ని తెరిచి, 'చిలకమ్మ బడి' అనే పిల్లల పాఠాల్లో చేరాడు. పేరు అడిగింది. సొంత పేరు ఇస్తే ఇంకెందుకు ఈ ముసుగని, పక్క బల్లమీది అగరొత్తుల పెట్టె మీద ఇంగ్లీషులో కనబడిన 'భాను' అనే పేరు కొట్టాడు. వయసు అడిగింది. మూడు నుంచి ఎనిమిది దాకానే ఉన్నాయి. సిగ్గుపడుతూ నాలుగు నొక్కాడు.

ఆ రోజు అ నుంచి ఉ వరకు వచ్చాయి. మంగళవారం తెరిస్తే చిలక మళ్ళీ "నీ పేరేమిటి చిన్నారీ?" అని, అ దగ్గర మొదలుపెట్టింది. బుధవారం కూడా అ దగ్గరే. ఆనవాలు మిగలదంటే చిలక దగ్గర కూడా మిగలదని అప్పుడు తెలిసింది. ఈ లెక్కన సభరోజు అతనికి వచ్చేది అయిదక్షరాలు. 'పాఠం గుర్తుండాలంటే ఖాతాతో లోపలికి రండి' అని కింద ఇంగ్లీషులో ఒక వాక్యం కనిపించింది. మణికుమార్‌కు ఉన్న ఖాతా ఒక్కటే, ఇంట్లో టీవీ కొన్నప్పుడు భార్య హిమబిందు తెరిచినది. టోపీ, కళ్ళజోడు బొమ్మ పైన భద్రంగానే ఉంది కదా అన్న ధైర్యంతో దానితోనే వెళ్ళాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగింది.

ఆ సాయంత్రం తుష్నాబాద్ నుంచి అత్తగారు గవరమ్మ కూరగాయల సంచీతో బస్సు దిగింది. సన్మానం అయ్యేదాకా ఉంటుంది. టీ తాగి, భక్తిపాటలు పెట్టమని టీవీ ముందు కూర్చుంది. టీవీ తెరవగానే ఆకుపచ్చ చిలకొకటి పలక పట్టుకుని రెక్కలు ఆడించింది.

"ఓలమ్మో! బిందూ, శుభవార్తేటే? నాకెందుకు సెప్పనేదు?"

"శుభవార్తేటమ్మా! ఉన్న ఒక్క పిల్ల లహరికి పదో క్లాసు పరీక్షలు వస్తున్నాయి" అని హిమబిందు వంటింట్లోంచి వచ్చి, తెరమీది ఇంగ్లీషు చదివింది. "'భాను, నాలుగేళ్ళు. పాఠం మిగిలి ఉంది'. ఏమండీ, ఈ భాను ఎవరు?"

మణికుమార్ రిమోటు కోసం చెయ్యి చాచాడు. "యాడ్ అయ్యుంటాది."

"యాడ్‌కి పేరూ వయసూ ఉంటాయా?"

"ఈ మధ్య ఉంటున్నాయి" అన్నాడు. ఈ వ్యవహారంలో భార్యతో ఆడిన మొదటి అబద్ధం అది. మిగిలినవి దీన్ని కాపాడడానికి వచ్చినవే.

శుక్రవారం ఆఫీసు నోటీసు బోర్డుమీద కాగితం ఒకటి అంటించారు: ఆఫీసు వైఫై మీద ఎవరు ఏ సైటు చూస్తున్నారో నమోదవుతుంది. మణికుమార్‌కు, పై అధికారి పేరు పేరునా చదువుతున్నట్టూ, "యూడీసీ మణికుమార్, చిలకమ్మ బడి, మూడు గంటల పది నిమిషాలు" అన్నప్పుడు అందరూ తిరిగి చూస్తున్నట్టూ కళ్ళకు కట్టింది. అక్కడినుంచి తిన్నగా జంగ్లీఘాట్‌లో బావమరిది దేవేంద్ర మొబైల్ దుకాణానికి వెళ్ళాడు.

"దేవా, ఫోనులో ఏం చూస్తున్నామో ఎవరికీ తెలియకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?"

దేవేంద్ర చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. దుకాణంలో ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసి, గొంతు తగ్గించాడు. "అరే బావా! ఏటి సూస్తావు?"

"మంచిదే."

"మంచిదైతే దాసుకోడమేటి?"

"ఎవరికీ చెప్పకు."

"మనం మనం బావా. టెన్షన్ మత్ లో." వీపీఎన్ అనేదొకటి ఫోనులో వేసి, మెరిసే కళ్ళతో అందించాడు. "ఇప్పుడు నువ్వు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నట్టే తెలీదు. సింగపూర్‌లో ఉన్నట్టు సూపిస్తాది. మజా కరో."

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటా పదికి, మణికుమార్ సింగపూర్ మీదుగా క ఖ గ లలో ప్రవేశించగానే, హిమబిందు ఫోను టింగుమంది. సింగపూర్ నుంచి ఎవరో మీ ఖాతా తెరిచారు, అది మీరేనా అని. ఆమె వెంటనే మొగుడికి ఫోను చేసింది.

"ఎక్కడున్నారు?"

"ఆఫీసులో."

"మన ఖాతా సింగపూర్‌లో ఎవరో తెరిచారట. దొంగలేమో, కాదని నొక్కేస్తున్నా."

నొక్కితే ఖాతా మూసుకుపోతుంది, చిలక మళ్ళీ అ దగ్గరికి వెళ్ళిపోతుంది. "వద్దు వద్దు! అది నేనే!"

"మీరా? సింగపూర్‌లోనా?"

"కాదు, ఆఫీసులోనే... నువ్వు అవునని నొక్కేయ్. సాయంత్రం చెప్తాను."

హిమబిందు అవునని నొక్కింది. సాయంత్రం అతనేమీ చెప్పలేదు. చెప్పడానికి తగిన అబద్ధం దొరకలేదు.

ఇంతలో చిలకమ్మ మరో మెలిక పెట్టింది. చేత్తో దిద్దితేనే అక్షరం నిలుస్తుందట. పలక కావాలి. రేవు దగ్గర బుల్లెమ్మ దుకాణంలో పలకలు దొరుకుతాయి. బుల్లెమ్మ పోయి మూడేళ్ళైంది, కొడుకు నడుపుతున్నాడు. కానీ జంగ్లీఘాట్‌లో పలక కొని ఇంటికి చేరేలోగా, ఎవరికి భయ్యా అని కనీసం ముగ్గురు అడుగుతారు. అందుకని ఫోనులోనే తెప్పించాడు. పేరు భాను అని రాశాడు. అంతవరకు జాగ్రత్తే. చిరునామా అడిగిన చోట సొంత ఇంటిదీ, నంబరు అడిగిన చోట సొంతదీ రాశాడు. లేకపోతే పార్సెల్ ఎలా వస్తుంది?

వారం రోజులు సజావుగా గడిచాయి. హల్లుల్లో సగం వరకు వచ్చాడు, వాటిలో సగం మర్చిపోయాడు. రెండో శుక్రవారం పదకొండు గంటలకు కొరియర్ మనిషి గుమ్మంలో నిలబడి, వీధి చివరిదాకా వినబడేలా పిలిచాడు.

"భాను దీదీ హై క్యా?"

హిమబిందు వచ్చింది. "యహా కోయీ భాను నహీ."

"నంబర్ తో మణికుమార్ భయ్యా కా హై." నంబరు మాత్రం ఆమె మొగుడిదేనట.

పార్సెల్ విప్పితే ఎర్ర అంచు పలక, బలపాల డబ్బా, అక్షరాల అట్టముక్కలు ఉన్నాయి. డబ్బామీద ఇంగ్లీషులో 'మూడు నుంచి అయిదేళ్ళ మీ చిన్నారికి' అని ఉంది. హిమబిందు పలకను ఒళ్ళో పెట్టుకుని మెట్టుమీద కూర్చుంది. టీవీలో నాలుగేళ్ళ భాను, సింగపూర్‌లో ఖాతా తెరిచిన మనిషి, 'అది నేనే' అన్న మొగుడు. ఆమె లెక్కల్లో దిట్ట. కూడికకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

"నాలుగేళ్ళ పిల్లే! ఆ సింగపూరు ఏ ఏపే? తుష్నాబాద్ బస్సు ఎల్తాదా?" అంది గవరమ్మ.

"సముద్రం దాటాలమ్మా."

"ఓలమ్మో, సముద్రం దాటి మరీనా!"

దేవేంద్రకు కబురు వెళ్ళింది. అక్క ఏడుపు చూసి అతని నోరు ఆగలేదు. "బావ నన్ను అడిగినాడే... ఎవరికీ తెలీకుండా ఉండాలంటే ఏటి సెయ్యాలని." దాంతో రుజువు కూడా దొరికిపోయింది. ఆ రాత్రి మణికుమార్ ఎన్ని విధాల నోరు తెరిచినా, ఎవరూ పలకలేదు. కంచంలో అన్నం పెట్టి వెళ్ళిపోయారు. నిజం చెప్పేద్దామని లేచాడు. ముందుగదిలో తండ్రి, సన్మానానికి ఇస్త్రీ చేయించిన తెల్ల పంచెను మోకాళ్ళమీద పెట్టుకుని నిమురుతున్నాడు. మళ్ళీ కూర్చున్నాడు.

శనివారం సాయంత్రం గవరమ్మ తిరుమలరావును పిలిపించింది. ఆయన కుర్చీలో కూర్చుని, టీపాయి మీది పలకను దొంగసొత్తు చూసినట్టు చూశాడు.

"సూడు మణీ. ఇది నీ ఇంటి సంగతి, నాకనవసరం. కానీ రేపు సభకి మూడొందల మంది వస్తారు. ఇంట్లో ఇలాటి గలాటా ఎట్టుకొని సన్మానం సేస్తే సంఘానికి మాటొస్తాది. ఈ ఏడుకి ఆపీసి, వొచ్చే ఏడు సూసుకుందాం."

మూలన స్టూలు మీద కూర్చున్న అప్పలకొండ ఒళ్ళో ఇస్త్రీ పంచె ఉంది. దాని అంచును నిమురుతున్న చెయ్యి ఆగింది.

ఆ ఆగిన చెయ్యిని చూశాక మణికుమార్‌కు ఇక దాచుకోవడానికేమీ మిగల్లేదు. నేలచూపులు చూస్తూ అన్నాడు: "అది నాకు."

"ఏటి నీకు?" అన్నాడు తిరుమలరావు.

"పలక. భాను నేనే. నాకు తెలుగు చదవడం రాదు. రేపటి కోసం నేర్చుకుంటున్నాను."

ముందుగా గవరమ్మ తేరుకుంది. "డిగ్రీ సదివినోడికి పలకేటి అల్లుడూ? అబద్ధమాడినా అతికినట్టుండాలి."

"ఒట్టు అత్తమ్మా."

"సిన్నప్పుడు ఉత్తరాలన్నీ ఈయనే సదివినారని మాయ సెప్పేవారు కదండీ" అంది హిమబిందు తిరుమలరావుతో. మామగారిని ఆమె మాయ అనే పిలుస్తుంది. "మాయా, మీరు సెప్పండి."

అప్పలకొండ గోడవైపు చూస్తున్నాడు.

"ఠీక్ హై, పరీక్ష ఎట్టీద్దాం" అని తిరుమలరావు అట్టముక్కల్లోంచి ఒకటి తీసి మణికుమార్ ముక్కుకు తగిలేలా పెట్టాడు. "ఇదేటి?"

మణికుమార్ కళ్ళు చికిలించాడు. "ఘ... కాదు, ఝ. ఝ అనుకుంటాను."

తిరుమలరావు అట్టముక్కను తనవైపు తిప్పుకుని చూశాడు. హిమబిందు వైపు చూశాడు. హిమబిందు తమ్ముడి వైపు చూసింది. దేవేంద్ర ఫ్యాను వైపు చూశాడు.

"రైటేనా?" అంది గవరమ్మ.

"మీరే సెప్పాల ప్రెసిడెంటు గారూ" అన్నాడు దేవేంద్ర.

"నా అద్దాలు దుకాణంలో ఉండిపోనాయి" అన్నాడు తిరుమలరావు. అద్దాలు ఆయన ముక్కుమీదే ఉన్నాయి. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు, ఎత్తితే తరువాతి వంతు తమదవుతుంది.

ఒక మనిషికి చదవడం రాదని తేల్చడానికి చదవడం వచ్చినవాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేకపోయారు. చివరికి దేవేంద్రకే ఉపాయం తట్టింది. టీవీ వేశాడు. చిలక రెక్కలాడించింది. 'భాను, నాలుగేళ్ళు' అని కనిపించగానే హిమబిందు మొహం తిప్పుకుంది. దేవేంద్ర రిమోటు బావ చేతిలో పెట్టాడు. "నువ్వే అయితే ఆడి సూపించు."

నలభై రెండేళ్ళ యూడీసీ, అత్తగారూ భార్యా బావమరిదీ సంఘం ప్రెసిడెంటూ కన్నతండ్రీ చూస్తుండగా, టీవీ ముందు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తెరమీద మూడక్షరాలు వచ్చాయి.

"వీటిలో 'డ' ఏది చిన్నారీ?"

నొక్కాడు.

"అయ్యో! అది 'ద'! మళ్ళీ ప్రయత్నిద్దాం చిన్నారీ!"

పదింటిలో నాలుగు సరిపోయాయి. సరిపోయినప్పుడల్లా తెరమీద పువ్వులు రాలాయి, చప్పట్లు వినబడ్డాయి. తప్పినప్పుడల్లా చిలక జాలిగా తలాడించింది. మణికుమార్ చెవులనుంచి మెడదాకా చెమట కారింది. ఆరో తప్పుకు హిమబిందు ఏడుస్తున్నదల్లా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"మరి సింగపూరు?" అంది గవరమ్మ, అంత తేలిగ్గా వదలకుండా.

దేవేంద్ర తల గోక్కుని వీపీఎన్ సంగతి ఒప్పుకున్నాడు. తర్వాత బావ ఫోను తీసి చూసి నుదురు కొట్టుకున్నాడు. "అరే బావా! ఇన్‌కాగ్నిటో పెట్టి, అందులో ఇంటి ఖాతాతో లాగిన్ అయినావా? ముసుగేసుకొని ఎల్లి హాజరుపట్టీలో సంతకం పెట్టినట్టుంది కదా!"

మణికుమార్‌కు అదేమీ వినబడలేదు. అతను తండ్రినే చూస్తున్నాడు. లేచి స్టూలు దగ్గరికి వెళ్ళాడు. "నాన్నా. ఆ ఉత్తరాలు... నేను చదివినవి కావు. అన్నీ కల్పించినవే."

"తెలుసురా" అన్నాడు అప్పలకొండ.

హిమబిందు టీవీ కట్టేసింది.

"మీ పెదనాన్న పోయినాడని రాసిన ఉత్తరం నువ్వు సదివినావు. అందరూ క్షేమం, ఆవు ఈనింది అన్నావు. ఆ ఆవుని అంతకు ముందేడే అమ్మీసినార్రా, ఓడ దిగినోళ్ళు సెప్పినారు నాకు. అనుమానమొచ్చి బుల్లెమ్మ కాడికి ఎల్తే అది సదివి సెప్పింది. మర్నాడు సముద్రంలో మునిగి గుండు సేయించుకున్నాను."

పేలు పట్టినాయన్న గుండు ముప్పై ఏళ్ళ తర్వాత మణికుమార్ కళ్ళముందు మెరిసింది. "మరి ఆ తర్వాత కూడా నాచేతే ఎందుకు చదివించావు?"

"నీ నోటంట వింటే బాగుండీది. బుల్లెమ్మ సదివితే అన్నీ సావులూ తగువులూనూ" అన్నాడు అప్పలకొండ. "ముందు నీది ఇనీవోడిని, తరవాత దాని కాడికి ఎల్లీవోడిని. దానికీ సెప్పినాను, పిల్లడికి తెలీనీకు, సిన్నబుచ్చుకుంటాడని."

జంగ్లీఘాట్‌లో ఎవరింట్లో ఏ కూర వండారో పది నిమిషాల్లో ఊరంతా చెప్పే బుల్లెమ్మ, ఆ ఒక్క మాట కడుపులో పెట్టుకునే పోయింది.

తిరుమలరావు ముక్కుమీది అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సన్మానం ఆపే పని లేదు. అయితే పత్రం సదివీదెవరు?"

"మీరు సదవండి ప్రెసిడెంటు గారూ" అన్నాడు దేవేంద్ర వినయంగా.

"నానెందుకయ్యా! కొడుకుండగా!" అంటూ తిరుమలరావు టీ కూడా తాగకుండా చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. ఇస్త్రీ పంచెలో అప్పలకొండ స్టేజీ మీద పెళ్ళికొడుకులా బిగుసుకుని కూర్చున్నాడు. మెడలో దండ వేశారు, శాలువా కప్పారు. తిరుమలరావు ఎర్రగుడ్డ లాగి, బంగారు అంచు ఫ్రేమును మణికుమార్ చేతుల్లో పెట్టాడు. గాజుమీద ట్యూబ్‌లైటు తళతళలాడుతోంది. కింద నల్ల సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు. వరుసలు పొట్టి పొట్టిగా ఉన్నాయి. పద్యం కాబోలనుకున్నాడు. ఎక్కడో ఒక 'ర', ఇంకొకచోట 'ల' పలకరించినట్టే పలకరించి, భయానికి అవీ మొహం చాటేశాయి. మూడువందల మంది దగ్గు ఆపుకుని చూస్తున్నారు.

అప్పలకొండ కొంచెం ఒంగి, దండ చాటునుంచి మెల్లగా అన్నాడు: "ఉత్తరం సదివినట్టు సదివీరా." అని కళ్ళు మూసుకున్నాడు.

మణికుమార్ మొదటి వరుస మీద వేలు పెట్టాడు.

"ఓడ దిగినవాళ్ళకు ఈ ఊళ్ళో మొదట కనిపించే దీపం ఈయన ఇంటిది. పెట్టెలు ఈయన డింగీలోనే దిగాయి. అద్దెకు గది దొరికేదాకా పిల్లలు ఈయన చాపమీదే పడుకున్నారు. ఈయన తను చాప లేకుండా పడుకున్నారు. ఈయనకు చదువు రాదు. తప్పు చదివినవాళ్ళను తప్పు పట్టడం కూడా రాదు. ఈయన ఇంటికి వచ్చిన ఉత్తరాల్లో ఎప్పుడూ అందరూ క్షేమంగానే ఉన్నారు. వేరేలా ఉన్నప్పుడు, ఆ సంగతి ఈయన ఒక్కరే మోశారు."

వేలు కాగితం అడుగుకు చేరేసరికి, "ఆవు ఈనింది" అని కూడా అనేసేవాడు, ఆపుకున్నాడు. హాలు చప్పట్లతో హోరెత్తింది. చంద్రమౌళి మేష్టారి కలంలో ఇంత బలముందని తనకు తెలియదని తిరుమలరావు కళ్ళు ఒత్తుకున్నాడు. మణికుమార్ మాత్రం తల ఎత్తలేదు. చప్పట్లలో తన వంతు ఎంతో, తన తప్పు వంతు ఎంతో అతనికి తేలలేదు.

భోజనాల దగ్గర చిన్న రభస జరిగింది. విస్తళ్ళలో ఖిచిడీ, చేపల పులుసు తప్ప ఇంకేమీ లేవు. తిరుమలరావు వంటవాడి మీద విరుచుకుపడ్డాడు. "మేష్టారి సేత వంటలన్నీ రాయించి కాగితం ఇచ్చినాను కదయ్యా!"

వంటవాడు గరిటె పట్టుకుని నిబ్బరంగా అన్నాడు: "జో లిఖా థా, వహీ బనాయా సాబ్." రాసి ఉన్నదే వండాడట. అతనికీ తెలుగు రాదు, ఆ కాగితం చదివి కాదనేవాళ్ళూ దగ్గర్లో లేరు, కనుక ఎవరూ వాదించలేకపోయారు.

ఫ్రేమును అప్పలకొండ మంచానికి ఎదురుగా గుమ్మం పైన కొట్టారు. మణికుమార్ చిలకమ్మను మానలేదు. ఇప్పుడు ముసుగూ సింగపూరూ లేవు. రోజూ సాయంత్రం టీవీలోనే, అందరి ముందే. పక్కన, ఇంకా తుష్నాబాద్ వెళ్ళని గవరమ్మ కూడా పలక పట్టుకుని కూర్చుంటోంది, అల్లుడికంటే రెండు పాఠాలు ముందుంది. నెలన్నరకు గుణింతాలు దాటాడు. ఒక ఆదివారం పొద్దున్న తండ్రికి టీ ఇస్తూ తల ఎత్తి గుమ్మం పైకి చూస్తే, అక్షరాలు ఈసారి మొహం చాటేయలేదు. ఒక్కొక్కటీ వచ్చి పక్కపక్కన నిలబడ్డాయి.

పు. లి. హో. ర.

మణికుమార్ టీ గ్లాసు కింద పెట్టాడు. రెండో వరుస బూరెలు. మూడోది వంకాయ కూర. ఆ కింద పప్పుచారు, వడియాలు. అట్టడుగున, మూడువందల విస్తళ్ళు.

"ఏట్రా, అలా సూస్తన్నావు?" అన్నాడు అప్పలకొండ మంచం మీదనుంచి.

"చదువుతున్నాను నాన్నా."

"వొచ్చీసిందేటి? అయితే మళ్ళీ ఓపాలి సదువు, ఇంటాను" అని ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

మణికుమార్ పులిహోర మీద చూపు నిలిపి, "ఓడ దిగినవాళ్ళకు ఈ ఊళ్ళో మొదట కనిపించే దీపం ఈయన ఇంటిది" అని మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ రాక అబద్ధం చదివాడు. ఇప్పుడు చదవడం వచ్చీ అదే చదివాడు.